నిప్పు లేని ఆట, నర్సమ్మగారి జీడితోట

తుపాకీ పట్టినవాళ్లలో కొందరు పతకాలు కొట్టారు, కొందరు పేరు కొట్టారు. నేను కొట్టిన దెబ్బకి మాత్రం మా సంఘం మొత్తం ఒక పూట పప్పుచారు లేకుండా అన్నం తిన్నది, ఒక జీడితోట వెంట్రుకవాసిలో బతికి బయటపడింది. ఆ ఘనకార్యం వివరంగా చెప్తాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సాలూరులో నన్ను చూసి నవ్వనివాళ్లు ఎవరూ మిగల్లేదు, కొత్తవాళ్లు దొరకాలి కదా.

కరోనా పోయి జనం మళ్లీ గుంపులుగా తిరగడం మొదలుపెట్టిన రెండో ఏడు అది. మా బాప్టిస్టు సంఘంలో నన్ను యువజన కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారు అంటే, వేరే ఎవరూ ఒప్పుకోలేదు. అయినా సరే, ఆ ఆదివారం నుంచి నా నడకే మారిపోయింది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా "మనవి చేయునది ఏమనగా" అన్న ధోరణిలో అడిగేవాణ్ణి. మా అక్క రెండుసార్లు చెంబు విసిరింది.

మా సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టరు మర్నాడు, సోమవారం, అందరూ పిక్నిక్‌కి వెళ్తారు. అదీ ఎప్పుడూ ఒకే చోటికి, కొండ వాలులో ఉన్న నర్సమ్మగారి జీడితోటకి. ఆవిడ మా సంఘం మనిషి కాదు. ఎప్పుడో ఆవిడ భర్త కాలు విరిగితే మా పాతకాలం పాస్టరుగారు మిషను ఆసుపత్రికి దగ్గరుండి తీసుకెళ్లారట. ఆ కృతజ్ఞత కొద్దీ ఏటా తోట ఇస్తుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఆ తోట మీదే ఆవిడ ఏడాదంతా తినాలి. సరిగ్గా ఈస్టరుకే జీడిపిక్కలు రాలే కాలం. సగం పంట చెట్ల మీద, సగం చెట్ల కింద ఉండగా, అంతమంది కాళ్లని తోటలోకి రానివ్వడం మామూలు మనసుకి చేతనయ్యే పని కాదు. ఈ మాట నేను ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకు తోట కనిపించింది కానీ ఆ మనసు కనిపించలేదు.

అనుమతి అడగడానికి వెళ్తే ఆవిడ ఒక్కటే చెప్పింది.

"రండి బాబూ, పళ్లు తినండి, ఊయెల్లూగండి. నిప్పొక్కటి మాత్రం తోటలోకి తేకండి. ఎండాకు సూసినావా, మోకాలెత్తున్నాది. ఓ రవ్వ పడితే తోటా ఉండదు, కొండా ఉండదు."

"మీరు నిశ్చింతగా ఉండండి పెద్దమ్మా. ఈ ఏడు కార్యదర్శిని నేను," అన్నాను, అదేదో అగ్నిమాపక దళానికి అధిపతినైనట్టు.

నిజం చెప్పాలంటే ఆ విషయంలో నేను మాట నిలబెట్టుకునే ప్రయత్నమే చేశాను. వంట పొయ్యిలు తోటలో వద్దని, కింద గెడ్డలో, అంటే వాగులో, తడి ఇసుక మీద పెట్టించాను. అందరం వచ్చింది మా దావీదు బావ లారీలో, ఆ లారీని గడ్డి మీదకి రానివ్వకుండా రోడ్డు మీదే ఆపించాను. తోట గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి జేబులూ తడిమి అగ్గిపెట్టెలు, లైటర్లు లాగేసుకున్నాను. మా సంఘపెద్దల్లో ఒకడైన డీకను రత్నం మేస్టారు, రిటైరయిన లెక్కల మేస్టారు, చుట్ట లేనిదే భోజనం అరగదు ఆయనకి.

"ఏటోయ్ సెక్రెట్రీ, నన్నూ తడుముతావేటి? నీకు ఎక్కాలు నేర్పినోణ్ణి."

"నియమం అందరికీ ఒకటే మేస్టారూ. అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

"మరి చుట్ట ఏటి సేసుకోమంటావు?"

"వాసన చూసుకోండి."

ఆయన నన్నొక చూపు చూసి అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. జనం నవ్వారు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పెరగనివ్వండి, ఇంకో రెండు గంటల్లో అది ఎలాగూ తగ్గబోతోంది.

ఇప్పుడు అసలు సంగతి. కిందటేడు కార్యదర్శి పిక్నిక్‌లో పెట్టిన ఆటలు రెండు: చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట. ఆయన్ని ఏడాదంతా నిమ్మకాయ కార్యదర్శి అని పిలిచారు. నాకు ఆ గతి పట్టకూడదని, తీర్థాల్లో, అదే జాతరల్లో, బెలూన్లు కొట్టించే ఆట పెడదామని నిశ్చయించుకున్నాను. బెలూన్ల బోర్డూ, గాలితుపాకీ ఉన్న మనిషి మా బావకి తెలుసు. తీర్థం నుంచి తీర్థానికి ఎన్నోసార్లు లారీ ఎక్కించుకున్నాడు. ఆ మొహమాటానికి అతను సామానంతా ఒకరోజు కోసం ఇచ్చాడు.

బోర్డు ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. తోట మధ్యలో జనం తిరుగుతారు కాబట్టి పై కంచె దగ్గర, మనుషులెవరూ లేని మూల చూసి పెట్టాను. మనుషులెందుకు లేరంటే అక్కడ నడుములోతు ఎండుగడ్డి ఉంది. నాకు తట్టిందల్లా మనుషులు లేరన్న సంగతే.

ఆట మొదలైంది. మొదలైన కాసేపటికే ముగిసేటట్టు కనిపించింది. ఆ తుపాకీ గొట్టం ఎన్ని తీర్థాలు చూసిందో గానీ, ఎటు గురిపెట్టినా పక్కకి పోయేది. తగిలినా బెలూను తుస్సుమనేది. అంతే, చప్పుడు లేదు, సంబరం లేదు. జనం ఒక్కొక్కరే లేచి చెట్ల కిందకి, జీడిపళ్ల దగ్గరకి జారుకున్నారు. రత్నం మేస్టారు వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని అన్నాడు:

"సెక్రెట్రీ, కిందటేడు నిమ్మకాయలే నయం. రసమైనా తీసుకున్నాం."

ఈ మాట నా గుండెల్లో దిగింది. ఇక దాచి లాభం లేదని సంచిలోంచి నా రహస్యాయుధం తీశాను. దీపావళికి కొని అటక మీద పెట్టిన నేలటపాకాయలు, నేలకేసి కొడితే ఢామ్మని పేలేవి. ఒక్కో బెలూను వెనకాల ఒక్కోటి టేపుతో అంటించడం మొదలుపెట్టాను.

మా బావ వెనకనుంచి వచ్చాడు. లారీ మనిషి, మాట తక్కువ.

"ఒరే, అదేటిరా?"

"సంబరం బావా. గుండు తగలగానే బెలూనుతో పాటు ఇదీ పేల్తాది. అప్పుడు సూడు జనం."

"నిప్పు తేనని ఆ ముసలమ్మకి మాటిచ్చినావు కదరా."

"తేలేదు బావా. అగ్గిపెట్టెలన్నీ నా సంచీలోనే ఉన్నాయి. దీనికి అగ్గిపుల్ల అక్కర్లేదు. వెలిగించక్కర్లేనిది నిప్పెలగవుతాది?"

ఈ తర్కం విని మా బావ బుర్ర గోక్కున్నాడు. నా చదువు మీద మా ఇంట్లో అందరికీ ఉన్న గౌరవమే ఆయన్ని గట్టిగా అడ్డు చెప్పనివ్వలేదు పాపం. నేను డిగ్రీ చేశాను. అందులో రసాయనశాస్త్రం కూడా ఉంది, సర్టిఫికెట్టు చూపిస్తాను కావాలంటే.

"ఏటో, నాకు నచ్చనేదు," అన్నాడు బావ.

"నువ్వు సూడు బావా."

తుపాకీ నేనే పట్టుకున్నాను. మొదటి దెబ్బ పక్కకి పోయింది. రెండోది తగిలింది. ఢాం.

తోటంతా ఒక్కసారి లేచింది. పళ్లు తింటున్నవాళ్లు, పాటలు పాడుకుంటున్నవాళ్లు, గెడ్డలో పప్పుచారు కలుపుతున్న ఆడవాళ్లు, అందరూ ఇటు తిరిగారు. ఇంకో దెబ్బ, ఇంకో ఢాం. చప్పట్లు. "సుదాకరూ, సుదాకరూ" అని అరుపులు. పాస్టరుగారు కూడా లేచి నిలబడి మెచ్చుకోలుగా తలాడించారు. అలాంటి క్షణం నా జీవితంలో అంతకుముందు రాలేదు, ఆ తర్వాత రానివ్వలేదు. పేలిన కాగితం ముక్కలు అంచులు కాలుతూ గడ్డిలోకి రాలడం నేను చూశాను. చూసి ఎంత బాగున్నాయి అనుకున్నాను.

నాలుగో టపాకాయ పేల్చాక బోర్డు వెనక సన్నగా పొగ లేచింది. దాన్ని కూడా ఆటలో భాగమే అనుకుని వెనక్కి తిరిగి జనానికి వంగి నమస్కారం పెట్టాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మళ్లీ వంగాను. రెండోసారి లేచేసరికి నా వీపు వెచ్చబడింది.

కొండ మీది నుంచి గాలి తిరిగింది. ఎండుగడ్డి అంటుకుంటే ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లు చూడాలని కోరుకోకండి. మంట పెద్దగా కనిపించదు, ఎండలో అసలు రంగే తెలియదు, చిటపటలు మాత్రం దగ్గర దగ్గరకి వస్తుంటాయి. బోర్డు ఒకవైపు కాలుతోంది. మంట ఇంకోవైపు కిందకి, మొదటి వరస జీడిచెట్ల వైపు పాకుతోంది. ఆ చెట్ల కింద ఆకు, ఆ ఆకులో నర్సమ్మగారి పిక్కలు. జీడిపిక్క అంటుకుంటే నూనె చిమ్ముతూ మండుతుంది. ఒక చెట్టు కింద అంటుకుంటే ఇక తోట ఆగదు.

మరి కార్యదర్శి ఏం చేశాడు? ఆటలు ప్రకటించడానికి తెచ్చుకున్న బ్యాటరీ మైకు అందుకున్నాడు. బుర్ర మొత్తం గడ్డకట్టేసి, నోటికి అలవాటైన మాటలే వచ్చాయి.

"సంఘ సభ్యులందరికీ మనవి చేయునది ఏమనగా, తోట పైభాగమున కొద్దిపాటి అగ్ని సంభవించినందున, తమరెల్లరూ దయచేసి..."

ఇది తర్వాతి ఆట అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు. ఒకామె పక్కావిడతో, "ఈ ఏడు బాగా పెట్టినాడమ్మా, నాటకం కూడా ఉన్నాది," అనడం నాకు వినిపించింది.

మా బావ వచ్చి మైకు లాక్కుని విసిరేశాడు.

"అగ్గంటుకున్నాది. మగోలు పారలట్టుకు రండి. ఆడోలు పచ్చి కొమ్మలు ఇరగ్గొట్టండి. లారీ పరదా దించండి, బేగి."

మైకు లేకుండా చెప్పిన ఆ మాటలు తోట చివరిదాకా వినిపించాయి. అప్పుడు నేను చూసింది చచ్చేదాకా మర్చిపోను. మా సంఘంలో ఎప్పుడూ ఏ విషయం మీదా ఇద్దరికి ఒకే మాట ఉండదు. ఆర్గను ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఏడాది తగువు జరిగింది. ఆ మనుషులే ఒక్క నోటితో చెప్పినట్టు కదిలారు. పట్టుచీరల మీద ఉన్న ఆడవాళ్లు కొమ్మలు విరిచి వరసగా నిలబడి మంటని బాదారు. మగవాళ్లు మంటకీ చెట్లకీ మధ్య ఆకంతా పారలతో, చేతులతో, కొందరు బూటు కాళ్లతో లాగేసి మట్టి కనిపించేదాకా గీకారు. లారీ మీది టార్పాలిన్ పరదాని నలుగురు దించి తీసుకొచ్చారు. దాన్ని తడపడానికి గెడ్డ నుంచి నీళ్లు తెచ్చే వ్యవధి లేదు, పక్కనే నిమ్మకాయ షర్బతు డ్రమ్ము ఉంది. దాన్నే గుమ్మరించారు. తియ్యటి పరదాతో మంటని కప్పి తొక్కారు.

ఒక మూల మాత్రం ఆగలేదు. కంచె కింద గుబురులోంచి పాకి సరిగ్గా మొదటి చెట్టు దగ్గరకి వచ్చేసింది. అప్పుడు గెడ్డలోంచి వంటావిడ మరియమ్మ పిన్ని, ఇంకో ముగ్గురు, పప్పుచారు గంగాళాన్ని కర్రలకి తగిలించి మోసుకొచ్చారు.

"పిన్నీ, మధ్యాన్నం భోజనం," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"నోర్మూసుకుని పక్కకి తప్పుకో," అంది పిన్ని. ఒక్క ఊపున గంగాళం వంచేసింది. ఇంగువ వాసనతో, ములక్కాడ ముక్కలతో మంట చచ్చింది.

ఆ ఆవిరి తేలిపోయాక చూస్తే, పచ్చికొమ్మ పట్టుకుని మా పక్కనే నర్సమ్మగారు. పొగ చూసి ఊళ్లోంచి పరిగెత్తి వచ్చిందట. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు బాదిందో ఎవరూ గమనించలేదు. మసి పట్టిన మొహంతో ఆయాసపడుతూ చెట్ల వైపే చూస్తోంది.

మంట ఆరింది కానీ మా బావ ఎవర్నీ కదలనివ్వలేదు. "పైకి సల్లగుంటాది, అడుగున రాజుకుంటాది," అని మోకాళ్ల మీద కూర్చుని బూడిదలో చెయ్యి పెట్టి పెట్టి చూశాడు. వెచ్చగా తగిలిన ప్రతిచోటా తవ్వించి, గెడ్డ నుంచి బిందెలతో నీళ్లు తెప్పించి పోయించాడు. ఎండ వాలేదాకా అదే పని. చివరికి లెక్క తేలిందేమిటంటే, కంచె పక్క గడ్డి ఒక నూర్పిడి కళ్లమంత మేర పోయింది. మొదటి చెట్టు కింది కొమ్మలు కమిలాయి. అంతే. తోట నిలిచింది.

నేను వెళ్లి ఒక రాయి మీద కూర్చున్నాను. రత్నం మేస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. చొక్కా చేతులు కాలి ఉన్నాయి. నేను గబగబా సంచీలోంచి ఆయన అగ్గిపెట్టె తీసి ఇవ్వబోయాను.

"ఉంచీయ్," అన్నాడు. "ఇయ్యాల సాలినంత పొగ తాగినాను."

ఇక నర్సమ్మగారి దగ్గరకి వెళ్లాలి. నేను లేచేలోగా ఆవిడే వచ్చింది.

"ఎవులు సేసినారు బాబూ ఇది?"

చుట్టూ అందరూ ఉన్నారు. నన్ను అందరూ చూశారు, నాకు చప్పట్లు కొట్టారు కూడా. ఒక్కరూ నా పేరు చెప్పలేదు. పాస్టరుగారు మాత్రం, "మా సంఘం తరఫున జరిగిందమ్మా, మాది తప్పు," అన్నారు. మా బావ, "తుపాకీ నానే తెచ్చినాను," అన్నాడు. ఆ తెల్లచొక్కాల మీది మసి, ఆ చీరల మీది పప్పుచారు మరకలు చూసి రాయి మీంచి లేచాను.

"నేను పెద్దమ్మా. టపాకాయలు పేల్చాను. అగ్గిపుల్ల లేదు కదా, నిప్పు కాదనుకున్నాను."

తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. ఆవిడ మా వాళ్లందరి వైపూ ఒకసారి చూసింది.

"ఇంతమంది నా తోటలోకి వొచ్చీ బట్టి తోట ఆగింది. నానొక్కదాన్నే అయితే ఏటి సేద్దును? భోజనాలు సేసినారా?"

లేదన్నాం. పప్పుచారు సంగతి చెప్పాం. ఆవిడ ఇంటికి వెళ్లి తన ఏడాది ఆవకాయ జాడీ మొత్తం చంకలో పెట్టుకుని తెచ్చింది. తోట తగలబెట్టబోయినవాళ్లకి ఆవకాయ వడ్డించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మసి చేతులతో, ఆవకాయ అన్నంతో, మధ్యలో జీడిపళ్లతో తిన్న ఆ భోజనం ముందు ఏ విందూ నాకు ఆనదు. ప్రార్థన చేయమంటే పాస్టరుగారు కళ్లు మూసుకుని చాలా సేపు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. దేవుడికి, నర్సమ్మగారికి, దావీదుకి, కొమ్మలు విరిచిన అక్కచెల్లెళ్లకి, పప్పుచారుకి. పప్పుచారు దగ్గర మరియమ్మ పిన్ని గట్టిగా ఆమెన్ అంది.

నాకు శిక్ష మా బావ వేశాడు.

"తుపాకీ పట్టే ముందు నేల ఊడ్సాల. పక్కన నీళ్లెట్టుకోవాల. గాలెటుందో సూడాల. పేలీది ఏదీ దగ్గరెట్టకూడదు. ఇయ్యి నీకు తెలకపోతే ఊడ్సడం నుంచి మొదలెట్టు."

అప్పటినుంచి ఏటా మాఘమాసంలో చీపురు, పార పట్టుకుని నర్సమ్మగారి తోటకి వెళ్తున్నాను. కంచె చుట్టూ బండి పట్టేంత వెడల్పున ఎండాకు, గడ్డి గీకి మట్టి బయటపెడతాను. కార్యదర్శి పదవి ఆ సోమవారమే పోయింది గానీ ఈ పదవి ఎవరూ పోటీకి రాక నాకే ఉండిపోయింది. పిక్నిక్ ఇప్పటికీ అక్కడే. ఆటలు రెండు: చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట. జనం బ్రహ్మాండంగా ఉన్నాయంటారు.

ఆ ఏడు క్రిస్మసుకి నర్సమ్మగారిని మేం పిలిస్తే వచ్చింది. సాయంత్రం కొవ్వొత్తుల ఆరాధన. దీపాలన్నీ ఆర్పేసి, ముందు పాస్టరుగారి కొవ్వొత్తి వెలిగించి, దాంతో పక్కవాళ్లది, వాళ్లతో వాళ్ల పక్కవాళ్లది, అలా వెలుగు వరస వరసకి పాకుతుంది. గుడి అంతా నిశ్శబ్దం. నా వంతు వచ్చింది. రత్నం మేస్టారు తన కొవ్వొత్తి వంచి నాది వెలిగించాడు. నేను కళ్లు మూసుకుని, ఈ మనుషుల మధ్య నన్ను ఉంచినందుకు ఉన్న కృతజ్ఞతంతా కూడదీసుకుంటున్నాను. కన్నీళ్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. అంతలో వెనక వరసలోంచి నర్సమ్మగారు ముందుకి వంగి, ఉఫ్ అని నా కొవ్వొత్తి ఆర్పేసింది.

"ఈ బాబుకి నిప్పెవులిచ్చినారు?"

ఆరాధన ఆగిపోయింది. ముందుగా నవ్వింది పాస్టరుగారే. ఆ నవ్వులు ఆగేదాకా ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత చెంగు ముడి విప్పి, తన తోటలో కాసిన జీడిపప్పు నా గుప్పిట్లో పోసింది.

"ఇది అట్టుకో నాయినా. ఇదైతే ఏటీ అంటుకోదు."

కావున, చదువరులకు మనవి చేయునది ఏమనగా, నేను ఇకమీదట ఎండుగడ్డి దరిదాపుల్లో తుపాకీ గాని, టపాకాయ గాని, డిగ్రీలో చదివిన రసాయనశాస్త్రం గాని బయటికి తీయనని ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. కొవ్వొత్తుల ఆరాధనలో ఏటా అందరి చేతుల్లో వెలుగుంటుంది, నా చేతిలో జీడిపప్పు ఉంటుంది. ఆరాధన పూర్తయ్యేదాకా తినకుండా ఉండడమే కష్టంగా ఉంది.